పార పట్టనివాళ్ళ పక్షాన

కొండల్లో, అడవుల్లో సైకిల్ తొక్కేవాళ్ళ లోకంలో చాలాకాలంగా ఒక అన్యాయం జరుగుతోంది. ఎవరూ నోరు విప్పడం లేదు కాబట్టి నేనే విప్పుతున్నాను. ఎక్కడ చూసినా ట్రైల్, అంటే సైకిళ్ళు పోయే మట్టిబాట, తవ్వేవాళ్ళు గుప్పెడుమందే ఉంటారు. దాని మీద తొక్కేవాళ్ళం వందల్లో ఉంటాం. ఇంత స్పష్టమైన మెజారిటీ మా వైపు ఉన్నా, ఆ గుప్పెడుమంది మమ్మల్ని బాకీదార్లను చూసినట్టే చూస్తారు. పైగా వాళ్ళకో నినాదం కూడా ఉంది, ‘నో డిగ్, నో రైడ్’ అని. తవ్వనివాడు తొక్కకూడదట. ఈ లెక్కన విమానం ఎక్కదలచుకున్నవాడు ముందు వెళ్ళి రన్‌వేకి కంకర మోయాలి.

మా వాదనకు చరిత్ర బలం ఉంది. ఈ క్రీడ పుట్టిళ్ళలో ఒకటి కాలిఫోర్నియాలోని టమల్పాయిస్ పర్వతం. 1976లో దానికి దగ్గర్లోని పైన్ మౌంటెన్ మీద కొందరు కుర్రాళ్ళు పాతకాలపు బరువు సైకిళ్ళ మీద పైనుంచి కిందికి పందెం వేసుకున్నారు. దిగేసరికి వెనక చక్రంలోని బ్రేకు వేడికి గ్రీజంతా పొగైపోయేది. మళ్ళీ గ్రీజు కూరితే తప్ప సైకిల్ పనికొచ్చేది కాదు. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అన్న పేరు స్థిరపడింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ దారి వేసింది వాళ్ళు కాదు. అడవి మంటలు ఆర్పే బళ్ళ కోసం వేరెవరో వేసిన మట్టిరోడ్డు అది. ఎవరో వేసిన దారి మీద మనం తొక్కాలి, ఆ తర్వాత దాని గురించి గొప్పలు చెప్పుకోవాలి. మన పెద్దలు మనకిచ్చిన సంప్రదాయం ఇదే. మధ్యలో ఈ పారలవాళ్ళు వచ్చి దాన్ని చెడగొట్టారు.

అసలు వాళ్ళు పని చేసే తీరు ఒకసారి చూడండి. తవ్వడమంటే వెళ్ళి తవ్వడమే అనుకుంటాం. వాళ్ళు మాత్రం మొదట నెలల తరబడి తవ్వరు. కొండంతా కాలినడకన తిరుగుతారు. క్లైనోమీటర్ అనే పరికరాన్ని కంటికి ఆనించుకుని ఒక కన్ను మూసి వాలు కొలుస్తారు. చిన్న చిన్న జెండాలు పాతుతారు, మర్నాడు వచ్చి వాటిని పీకి రెండడుగులు పక్కన పాతుతారు. వాన పడితే బుద్ధున్నవాడు ఇంటిపట్టున ఉంటాడు. వీళ్ళు అప్పుడే హుషారుగా కొండెక్కి, నీళ్ళు ఎటు పోతున్నాయో నిలబడి చూస్తారు. మేం సైకిళ్ళ సమీక్షలు చదివినంత శ్రద్ధగా చూస్తారు.

వాళ్ళకో సగం సూత్రం ఉంది. బాట వాలు కొండ వాలులో సగానికి మించకూడదట. కొండ వాలు 30 శాతం ఉంటే బాట వాలు 15 శాతం దాటకూడదు. దాటితే నీళ్ళు బాటను అడ్డంగా దాటిపోవడం మాని, దాని వెంటే కిందికి పరిగెడతాయట. అది చాలదన్నట్టు, మొత్తం మీద సగటు వాలు 10 శాతం లోపు ఉంటే మేలని ఇంకో నియమం. నాకేమో కొండ మీంచి తిన్నగా దూకేయాలని ఉంటుంది. నీళ్ళదీ అదే కోరిక. నీరు పల్లమెరుగు అన్నారు, పల్లం నేనూ ఎరుగుదును. నేనూ నీళ్ళూ ఒకే పార్టీ. అయినా మా ఇద్దరి మీదా ఆంక్షలే.

ఇక తవ్వకం. కొండ వాలును అడ్డంగా కోసి, గట్టి నేల మీద చదునైన అరుగులాంటి బాట తీస్తారు. దాన్ని బెంచ్ కట్ అంటారు. పైనున్న ఆకులూ, కుళ్ళిన మెత్తటి పొరా అంతా లాగేసి, కింద ఉన్న అసలు మట్టి తేలేదాకా ఊరుకోరు. ఆ మెత్తటి పొర మీద మొదటి వారం తొక్కుతుంటే ఎంత హాయిగా ఉంటుందో తొక్కినవాడికే తెలుసు. అది స్పంజిలా నీళ్ళు పట్టి తర్వాత బురదవుతుందని వాళ్ళ వాదన. తర్వాత సంగతి మనకెందుకు? లోపలి గోడను ఏటవాలుగా చెక్కుతారు, లేకపోతే అది కూలి బాట మీద పడుతుందట. బాట ఉపరితలాన్ని బయటి అంచు వైపు 5 శాతం మేర వంచుతారు. ఆ వంపు కంటికి సరిగ్గా ఆనదు, నీటికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది. తవ్విన మట్టిని అంచున గట్టులా వదిలేస్తే నీళ్ళు బాట మీదే చిక్కుకుంటాయని, పారలతో దూరంగా విసిరేస్తారు. ఆఖరున చుట్టుపక్కల నేల మీద ఆకులు చల్లి, ఈ బాట ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నట్టు చేసి వెళ్ళిపోతారు. ఇన్నాళ్ళు కష్టపడి, కష్టపడిన ఆనవాళ్ళన్నీ తామే చెరిపేసి, ఆ పైన మేం గుర్తించలేదని అలుగుతారు. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

బాట దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి కాస్త పైకి లేచి మళ్ళీ దిగే చోట్లు ఉంటాయి. అక్కడ సైకిల్ తేలిగ్గా గాల్లోకి లేస్తుంది. చూసేవాళ్ళు అది నా నైపుణ్యం అనుకుంటారు. వాళ్ళ అభిప్రాయాన్ని గౌరవించి నేను ఎప్పుడూ కాదనలేదు. తవ్వేవాళ్ళు మాత్రం దాన్ని డ్రైనేజీ అంటారు. బాట వెంట వస్తున్న నీళ్ళు ఆ పల్లంలో ఆగి పక్కకు పోవడానికట. నా జీవితంలో అత్యంత ఉత్తేజకరమైన క్షణాన్ని మురుగుకాలువ పనుల ఖాతాలో వేసేవాళ్ళతో సంభాషణ ఎలా కొనసాగుతుంది?

వాళ్ళ ఆయుధాల గురించి కూడా చెప్పాలి. ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు మట్టి తవ్వే పలక ఉన్న పనిముట్టు పులాస్కీ. 1910లో అమెరికాలోని ఐడహో అడవులు భగ్గుమన్నప్పుడు, ఎడ్ పులాస్కీ అనే అటవీ రేంజరు తన మనుషుల్ని ఒక పాత గని సొరంగంలోకి తీసుకెళ్ళి, భయంతో బయటికి ఉరకబోయినవాళ్ళను పిస్టల్ చూపించి ఆపి, చాలామంది ప్రాణాలు నిలబెట్టాడు. ఆ పనిముట్టుకు ఆయన పేరే పెట్టారు. ఒక అంచుకు పళ్ళు, రెండో అంచుకు పదునైన పలక ఉండే మెక్లౌడ్‌ది కూడా 1905 నాటి ఒక రేంజరు పేరే. రెండూ మంటల్ని అడ్డుకోవడానికి పుట్టినవే. పులాస్కీ చేతికి రాగానే మనుషులకు ఎందుకంత అజమాయిషీ వస్తుందో ఇప్పుడు నాకు అర్థమైంది. కాకపోతే ఒక విషయం మరువకూడదు. నా సైకిల్ ముందు చక్రానికి కుదుపులు మింగే సస్పెన్షన్ ఫోర్కు ఉంది, దాని ధరకు వాళ్ళ పనిముట్ల షెడ్డంతా కొనేయవచ్చు. ఈ క్రీడలో ఇంత పెట్టుబడి పెట్టినవాడి చేతికి తట్ట ఇవ్వాలనుకోవడం ఆర్థికశాస్త్రానికే అవమానం.

సామర్థ్యం లెక్కలు కూడా మా వైపే ఉన్నాయి. చేత్తో తవ్వితే ఒక మనిషికి రోజంతా అయ్యేది కొద్ది మీటర్ల బాట. రాయి తగిలినా, వేరు అడ్డొచ్చినా ఇంకా తక్కువ. నేను గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సెకనుకు ఐదున్నర మీటర్లు దాటుతాను. అంటే ఒక మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసిన పనిని నేను ఒకటి రెండు సెకన్లలో పూర్తిగా వాడేస్తున్నాను. ఎవరు సమర్థులో పాఠకులే తేల్చాలి.

అసలు మేం తవ్వడం లేదన్నది కూడా అబద్ధం. బాట మధ్యలో నీళ్ళ గుంట కనిపించిందనుకోండి. మేం దాని మధ్యలోంచి పోం, పక్కనుంచి పోతాం. తర్వాతివాడు ఇంకొంచెం పక్కనుంచి పోతాడు. ఇలా రెండు వానలు గడిచేసరికి మనిషి పట్టేంత బాట బండి పట్టేంత అవుతుంది. ఒక్క పార వాడలేదు, ఒక్క మీటింగు పెట్టలేదు. వాళ్ళు మాత్రం దీన్ని విస్తరణ అని మెచ్చుకోరు. గుంటలోని నీళ్ళకు కాలువ తీసి, మేం వెడల్పు చేసిన నేలంతా కొమ్మలతో, రాళ్ళతో మూసేస్తారు.

మలుపుల దగ్గరా ఇదే తంతు. వెనక్కి తిరిగే మలుపును ఎంతో శ్రమపడి కట్టారు, ఒప్పుకుంటాను. కానీ దాన్ని అడ్డంగా కోసి దిగితే మా వేగాలు లెక్కగట్టే స్ట్రావా యాప్‌లో నాలుగు సెకన్లు కలిసొస్తాయి. ఆ అడ్డదారిలో మేం దిగిన గాడి వెంట మొదటి వానకే నీళ్ళు దిగుతాయి. నీళ్ళు నాతో ఒకే పార్టీ అని ముందే మనవి చేశాను. నెల తిరక్కుండా అక్కడ వాగులాంటిది తయారవుతుంది. అప్పుడు వాళ్ళు ఆ అడ్డదారికి అడ్డంగా దుంగ పడేస్తారు. మేం దుంగ తీసేస్తాం. వాళ్ళు ఇంకా పెద్ద దుంగ తెస్తారు. ఇంత ఓపిక ఉన్నవాళ్ళు ఆ ఓపికతోనే ఒక అధికారిక అడ్డదారి తవ్వితే పోయేది.

ఇక బర్మ్‌లు, అంటే మలుపు బయటి అంచున మట్టిని అదిమి అదిమి ఎత్తుగా లేపిన గోడలు. మట్టిని తడిపి, పొరలు పొరలుగా వేసి, మెక్లౌడ్ వీపుతో చప్పుడయ్యేలా బాదితేగానీ అవి నిలబడవు. వాటిలోకి దిగేముందు వెనక బ్రేకు బిగబట్టి, చక్రం జారుస్తూ, దుమ్ము లేపుతూ పోవడం మా కళ. వీడియోలో ఎంత బాగా వస్తుందంటే చెప్పలేను. మేం బ్రేకులు వేసిన చోట నేల గతుకులు గతుకులుగా తయారైందని, బర్మ్ అంచు విరిగి పడిందని వాళ్ళ ఫిర్యాదు. తిలాపాపం తలా పిడికెడు. నావంతు వచ్చింది ఒక్క పిడికెడు మట్టే, దానికింత రాద్ధాంతమా?

వాన వెలిసిన మర్నాడు ‘ట్రైల్ మూసి ఉంది’ అన్న బోర్డు పెడతారు చూడండి, అది మరీ బాధాకరం. మెత్తటి నేలలో పడిన గాడి ఎండాక గట్టిపడి, వచ్చే వానకు కాలువవుతుందట. అదేమీ చదవనట్టు పక్కనుంచి వెళ్ళడం మాకు అలవాటే. బోర్డు చదివినవాడికే కదా నిబంధన వర్తించేది.

వాళ్ళ పనితనం మీద నాకు సాంకేతికపరమైన అభ్యంతరాలూ ఉన్నాయి. నీళ్ళు ఎంత మళ్ళించినా ఊరే చోట రాళ్ళు పరుస్తారు. ఒక్కో రాయిలో ఎక్కువ భాగం భూమిలోకే పోతుంది, పైకి కనిపించేది కొంచెమే. ఆ కనిపించే కొంచెం నా మణికట్టుకు తగులుతోంది. కెనడాలో వాంకూవర్ ఉత్తరాన నార్త్ షోర్ కొండల్లో నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. అక్కడివాళ్ళు పడిపోయిన దేవదారు మానులు చీల్చి నిచ్చెనల్లాంటి చెక్క వంతెనలు కట్టారు, అవి తర్వాత ప్రపంచమంతా పేరు మోశాయి. తడి చెక్క జారుతుందని వాళ్ళకెవరైనా ముందే చెప్పి ఉండాల్సింది. మిషనుతో వేసిన ట్రైల్ అయితే మరీ నున్నగా ఉంటుంది, అందులో ఆత్మ ఉండదు. చేత్తో వేసిందాంట్లో ఆత్మ ఉంటుందిగానీ మరీ గరుకు. నేను కోరేది ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది, అదేమిటో వాళ్ళే కనిపెట్టాలి.

అనుమతుల గొడవ ఒకటుంది, దాన్ని క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే నాకు అందులో అనుభవం లేదు. నేల ఎవరిదో వాళ్ళ ఒప్పుదల లేకుండా తవ్వితే, వాళ్ళొచ్చి అంతా చదును చేసేయవచ్చు. అందుకని తవ్వేవాళ్ళు మట్టి కంటే ఎక్కువగా కాగితాల్లో మునిగి ఉంటారు. కాలిఫోర్నియాలో ట్రైల్స్ నుంచి సైకిళ్ళను గెంటేస్తుంటే అక్కడి క్లబ్బులు చేతులు కలిపి 1988లో ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసిక్లింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. ఇలాంటి మీటింగులకు మేం రాం. ఆ కాలయాపన మాకు పడదు. కానీ ఎక్కడైనా ట్రైల్ మూతపడిందంటే అందరికంటే ముందు, అందరికంటే పెద్ద గొంతుతో ఆగ్రహించేది మేమే. క్రీడకు మా సేవ ఆ రూపంలో అందుతూనే ఉంది.

ఈ పరిస్థితి చక్కబడాలంటే ట్రైల్ పనిని రాత్రిపూట జరపాలన్నది నా సూచన. పొద్దున్న మేం వచ్చేసరికి విరిగిపడిన చెట్టు తీసేసి ఉండాలి, ముళ్ళకొమ్మలు కత్తిరించి ఉండాలి, కానీ ఎవరూ కనిపించకూడదు. కనిపిస్తే ఆగి పలకరించాల్సి వస్తుంది, ఊపు పోతుంది. వాళ్ళ మధ్యలోంచి వేగంగా దూసుకుపోతూ ‘థాంక్స్’ అని అరవడం మాకు కష్టమేమీ కాదు, కానీ ఊపిరి వృథా.

తవ్వకం పనులకు ఒక నాణ్యతా పరిశీలకుడు ఉండాలని కూడా ప్రతిపాదించాను. ఆ పదవికి నా పేరు నేనే చెప్పాను, వేరెవరూ చెప్పకపోవడం వల్ల. మొన్న పని జరుగుతున్న చోటికి స్వయంగా వెళ్ళి, ఇంకా మట్టి ఆరని బర్మ్ మీద చక్రం నడిపి, అందులోని లోపాలు అక్కడికక్కడే వివరించాను. వాళ్ళలో ఒక పెద్దాయన నా మాటలన్నీ శ్రద్ధగా విని, నుదురు తుడుచుకుని, చేతిలో ఉన్న పార నాకందించి, “బాబూ, ఇది కాస్త పట్టుకో” అన్నాడు. తీసుకుని మట్టిలో గట్టిగా గుచ్చాను. కాడ మంచి ఎత్తు, సైకిల్ ఆనించడానికి అచ్చంగా సరిపోయింది.