యార్క్ సాయంత్రం ఐదు గంటల గారికి

మహారాజశ్రీ సాయంత్రం ఐదు గంటల గారికి,

నమస్కారాలు. మొన్న శనివారం ఇంగ్లండ్‌లోని యార్క్‌లో తమరు మా అమ్మ చేతిలోంచి ఒక శాలువా లాక్కున్నారు. రోజూ ఎంతమంది చేతుల్లోంచి లాక్కుంటారో, గుర్తుండకపోవచ్చు.

తప్పు మాదేలెండి. లీడ్స్‌లో భోంచేసి, నాన్న ఓ కునుకు తీసి, టీ తాగి, అప్పుడు రైలెక్కాం. బజారంటే ఎండ చల్లబడ్డాక వెళ్లేది అని పుట్టిన దగ్గర్నుంచీ నమ్మిన మనుషులం. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఐదింటికి తమరొస్తే ఎవరూ లెక్కచేయరు. లైట్లు వేసి, పటానికి అగరొత్తులు చూపించి, అసలు బేరాలు మొదలుపెట్టేది అప్పుడే.

దిగగానే మిక్కిల్‌గేట్ బార్ అని బోర్డు చూసి నాన్న మొహం వెలిగింది. దగ్గరికెళ్తే రాతి కోట గుమ్మం. ఈ ఊళ్లో వీధిని గేట్ అంటారు, గేటుని బార్ అంటారు. సరే, అది తమరి తప్పు కాదు. షాంబుల్స్ సందులో మాంసం కొట్ల కొక్కేలు ఇంకా అలాగే ఉన్నాయి. మాంసానికి ఎండ తగలకూడదని ఆ రోజుల్లో పై అంతస్తుల్ని వీధి మీదికి వంచి కట్టారట. ఇప్పుడు వాటి కింద మంత్రదండాలు అమ్ముతున్నారు. ధర చూసి నాన్న, "దీంతో నిజంగా ఏమన్నా అవుద్దంటావా?" అన్నారు.

ఇక శాలువా. నాలుగూ నలభైకి దొరికింది ఆ కొట్టు. అమ్మ ఇరవై శాలువాలు విప్పించి, చివరికి రెండు దగ్గర ఆగింది: మెరూన్, ముదురు ఆకుపచ్చ. ఇంతలో మా కాళ్ల మధ్య వాక్యూమ్ క్లీనర్ తిరగడం మొదలైంది. అమ్మ ఓ కాలెత్తింది, తర్వాత ఇంకో కాలెత్తింది, చూపు మాత్రం శాలువా మీదే. "లోపల లైట్లకి రంగు తెలియదే" అని రెండూ పట్టుకుని గుమ్మం దగ్గరికెళ్లింది. చీరల కొట్లో నలభై ఏళ్లుగా చేస్తున్న పనే. వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి, మెరూన్ ఖాయం చేసుకుని వెనక్కి తిరిగేసరికి కౌంటర్ దగ్గర పిల్ల నవ్వుతూ నిలబడింది. "సారీ, కౌంటర్ క్లోజ్ చేసేశాం. రేపు పదకొండింటికి రండి."

నేను ఫోన్ చూశాను. నాలుగూ యాభై ఎనిమిది.

అంటే తమరు ఇంకా రానే లేదు! తమరు వస్తున్నారన్న భయానికే మూసేశారు. ఆ రెండు నిమిషాలు నాలుగు రోజులుగా నా బుర్రలో తిరుగుతున్నాయి. కార్డు నా చేతిలో ఉంది. మిషన్ ఆ పిల్ల చేతి పక్కనే ఉంది. బీప్ మనడానికి ఎంతసేపు పడుతుందండీ? పైగా జూన్ నెల. రాత్రి తొమ్మిదిన్నర దాటినా సూర్యుడు పోడు. నడినెత్తిన ఎండ పెట్టుకుని ఊరంతా షట్టర్లు దించుకుంటుంటే, ఏదో కర్ఫ్యూ పెట్టారనుకున్నారు నాన్న. 866లో వైకింగులొచ్చి ఈ ఊరు పట్టుకున్నారంటే, కచ్చితంగా పొద్దున పూటే వచ్చి ఉంటారు.

అసలు ఎవరి కోసమండీ తెరవడం? ఆఫీసు వదిలేదీ ఐదింటికే, కొట్టు మూసేదీ ఐదింటికే. మళ్లీ బజారు చచ్చిపోతోందని పేపర్లలో ఏడుపొకటి. చావదా మరి? మీరే గొంతు పిసుకుతుంటే!

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. బయటికొచ్చాక, "పోనీలే, ఆ పిల్లా ఇంటికెళ్లి వండుకోవాలిగా. మన దగ్గర చీరల కొట్టు పిల్లలు రాత్రి పదింటి దాకా నిలబడే ఉంటారు, పాపం" అంది. నా కోపంలో సగం గాలి అక్కడే పోయింది. అది నాకస్సలు నచ్చలేదు.

యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చికి వెళ్తే అక్కడా చూసేవాళ్ల టైం అయిపోయింది. 1220లో మొదలుపెట్టిన ఈ గోథిక్ చర్చి 1472కి గానీ పూర్తి కాలేదట. రోజూ ఐదింటికి పని ఆపేస్తే అంతే మరి. వెనక్కి తిరగబోతుంటే తలుపు దగ్గరాయన, ఐదున్నరకి ప్రార్థన ఉంది, దానికి టికెట్ లేదు, రండి అన్నాడు. వెళ్లి కూర్చున్నాం. చెక్క బల్లల మధ్య పిల్లలూ పెద్దలూ పాడుతుంటే ఆ గొంతులు కప్పు దాకా వెళ్లి, కాసేపు అక్కడే ఉండి, మెల్లగా దిగొచ్చాయి. ఒక్క ముక్క అర్థంకాకపోయినా అమ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించింది. నాన్న నిద్రపోలేదు. ఇది తమరి ఖాతాలో వేస్తున్నాను, ఇష్టం లేకపోయినా.

తిరిగి స్టేషన్‌కొస్తే తెరిచి ఉన్నది ఒకే ఒక్క చిన్న కొట్టు. ఇరుగుపొరుగుకి ఏదో ఒకటి పట్టుకెళ్లాలి కదా అని అమ్మ అటూ ఇటూ చూసింది. కిట్‌క్యాట్‌ని మొదట 1935లో ఈ ఊళ్లోనే తయారుచేశారని చెప్పాను. "అయితే ఇదే యార్క్ వస్తువు" అని పది ప్యాకెట్లు కొంది.

అది విజయవాడలో మా సందు చివర కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. రాత్రి పదిన్నర దాకా.

ఇట్లు,
తమరి నుంచి రెండు నిమిషాల బాకీ రావాల్సిన
ఒక కూతురు