జున్నులో వైరస్: మా కాలనీ తీర్మానం

హన్మకొండలోని మా కాలనీ సంక్షేమ సంఘం మొన్న ఆదివారం ఒక చారిత్రక తీర్మానం చేసింది. ఇకమీదట గేటు లోపలికి జున్నుపాలు రాకూడదు. ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ‘జున్నులో వైరస్‌లు’ కనుగొన్నారని కార్యదర్శిగారి ఫోనుకు వాట్సాప్‌లో వార్త వచ్చింది మరి.

చీజ్‌ను జున్నుగా తర్జుమా చేసిన ఆ మహానుభావుడెవరో గానీ, ఆయనకు శాలువా కప్పవలసిందే. అక్కడివారు పరీక్షించింది బర్గండీ ప్రాంతపు ఎపోయిస్ అనే చీజ్ పైపొరను. ద్రాక్షసారా కలిపిన నీటితో వారాల తరబడి కడుగుతూ మాగబెట్టే ఆ పొర మీద బాక్టీరియా, ఈస్టులు కాపురముంటాయి. ఆ బాక్టీరియాను వేటాడే వైరస్‌లు, అంటే ఫేజ్‌లు, వాటి వెన్నంటే ఉంటాయి. మన జున్నుకు తోడు కూడా అక్కరలేదు. ఈనిన బర్రె తొలిపాలలో బెల్లమూ మిరియాల పొడీ వేసి ఆవిరి మీద పెడితే, అందులోని మాంసకృత్తులే వేడికి గడ్డకడతాయి.

ఇదంతా ఎవరికి కావాలి? సభ మధ్యలో పాలాయనను నిలబెట్టారు.

“నీ బర్రెకు వైరస్ పరీక్ష చేయించినవా?” అని కార్యదర్శిగారు గద్దించారు.

“ఈని మూడొద్దులే అయింది సారూ, గిప్పుడే దవాఖానకు ఎట్ల తోల్కపోవాలె?” అన్నాడాయన.

కోశాధికారిగారు ముక్కుకు రుమాలు కట్టుకొని, స్టీలు గిన్నె మూతను పెన్నుతో పైకెత్తి, లోపలికి చాలాసేపు చూసి, వైరస్ ఏదీ కంటికి కనిపించలేదని మినిట్స్‌లో రాయించారు. అయినా ముందుజాగ్రత్తగా నిషేధమే మేలన్నారు. పిజ్జా మీది చీజ్ సంగతేమిటని ఒక పెద్దమనిషి అడగగా, అది కంపెనీ సరుకు కనుక తీర్మానం దానికి వర్తించదని తేల్చారు.

పోనీ, చీజ్‌లోనే ఉన్నాయనుకుందాం. ఫేజ్‌లు పట్టేది బాక్టీరియాను, మనిషిని కాదు. వాటివల్ల నష్టపోయేది చీజ్ తయారుచేసేవారే. తోడు బాక్టీరియా చచ్చి పాలు సరిగా పులియవని న్యూజిలాండ్‌లో 1935లోనే గుర్తించారు. ఆ ఫేజ్‌లను పెరుగు బాక్టీరియా ఎలా గుర్తుపెట్టుకొని ఎదిరిస్తుందో 2007లో తేలింది. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ సాధనానికి మూలం బాక్టీరియాలోని ఆ రక్షణ వ్యవస్థే. ఆ సాధనానికి 2020లో నోబెల్ కూడా వచ్చింది. పాలడబ్బా దగ్గర పుట్టిన చదువును చూసి నవ్వేవారు ఈ ఒక్క ముక్కా తెలుసుకుంటే బాగుండును.

నవ్వులాట ఇక చాలు. జున్ను గిన్నెను చూసి రుమాలు కట్టుకున్న ఈ కోశాధికారే నెలకిందట జలుబు చేస్తే చౌరస్తాలోని మందుల షాపులో, డాక్టరు చీటీ లేకుండా, బాక్టీరియా మీద పనిచేసే అజిత్రోమైసిన్ మాత్రలు మూడు కొన్నాడు. రెండు మింగి, మూడోది పర్సులో దాచాడు. జలుబు తెచ్చేది వైరస్, ఆ మాత్ర వైరస్‌ను ఏమీ చేయదు అని నేనే ఆయనకు రెండుసార్లు చెప్పాను. వినలేదు! ఇలా చప్పరించి చప్పరించి మొండి బాక్టీరియాను పెంచుతున్నది ఎవరు? రేపు ఇంట్లో పసివాడికి నిజంగా నిమోనియా వచ్చి ఏ మందుకూ లొంగకపోతే, ఏ తీర్మానం చేస్తారయ్యా? అటువంటి మొండివాటి మీదికి పంపడానికే దేశదేశాల్లో వైద్యులు ఫేజ్‌లను వెతుకుతున్నారు. మేమిక్కడ బర్రెను బహిష్కరించాము.

సభ ముగిశాక పాలాయన గిన్నెతో గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కొనేవారు లేరు కనుక మొత్తం నేనే తీసుకున్నాను. మిరియం కాస్త ఎక్కువైంది.