పెంగ్విన్ల వాణిజ్య నీతిపై డెల్టా వారి అభిప్రాయం

అమెరికా వాళ్లు పెంగ్విన్ల మీద సుంకం వేశారని లోకమంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. లోకానిదేముంది, నవ్వుతుంది. గోదావరి డెల్టాలో పుట్టినవాడు మాత్రం నవ్వకూడదు. తరతరాలుగా యానాం పక్కన కాపురం ఉన్నవాళ్లం. చిన్న చోటుకీ పెద్ద రాజ్యానికీ మధ్య సరుకు ఎలా నడుస్తుందో మనకంటే బాగా తెలిసినవాళ్లు వాషింగ్టన్‌లో ఉన్నారని నేననుకోను.

ముందుగా అభియోగం చూద్దాం. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ గారు వైట్‌హౌస్ గులాబీ తోటలో పెద్ద అట్ట చేతబట్టుకుని ఏ దేశానికి ఎంత వడ్డించిందీ చదివి వినిపించారు. ఆ రోజు బయటికొచ్చిన జాబితాలో హర్డ్, మెక్‌డొనాల్డ్ దీవులకు పది శాతం అని ఉంది. అవి ఆస్ట్రేలియావే గానీ, పెర్త్ నుంచి 4,000 కిలోమీటర్ల పైమాటే. హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన, అంటార్కిటికా దాపున ఉంటాయి. ఊరు లేదు, పేట లేదు, ఓటరు లేడు. బిగ్ బెన్ అనే అగ్నిపర్వతం, దాన్ని కప్పిన మంచు, ఒడ్డు పొడుగునా పెంగ్విన్లూ సీళ్లూ. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

జాబితాలో ఇంకో గడి ఉంది, దాన్ని ఎవరూ సరిగ్గా చదవలేదు. అమెరికా సరుకు మీద ఆ దీవులు వేస్తున్న సుంకం కూడా పది శాతమేనట! అంటే ముందు చెయ్యి చేసుకున్నది పెంగ్విన్లే. అమెరికా పాపం లెక్కకు లెక్క సరిచేసింది, అంతే.

సాక్ష్యం కావాలా? ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 2022లో ఆ దీవుల నుంచి అమెరికాకు 14 లక్షల డాలర్ల సరుకు వెళ్లింది. దాదాపు అంతా యంత్రాలు, విద్యుత్ పరికరాలు. ఎక్కడివో సరుకుల కాగితాల్లో దేశం పేరు తప్పు పడి ఉంటుందని గిట్టనివాళ్లు అంటున్నారు. మన రెవెన్యూ ఆఫీసు గుమ్మం తొక్కినవాడెవడూ ఆ మాట అనడు. అడంగల్‌లో ఒకసారి పేరు పడ్డాక, గట్టు మీద నిలబడి దున్నుతున్నవాడు కూడా ఆ పొలం తనది కాదని ఒప్పుకోవాల్సిందే. కాగితంలో పెంగ్విన్ మోటార్లు చేస్తోందంటే చేస్తోంది. రెండు వేల చిల్లర జనం ఉన్న నార్ఫోక్ అనే మరో ఆస్ట్రేలియా దీవి అమెరికాకు బూట్లు ఎగుమతి చేస్తోందని కూడా కాగితాలే అన్నాయి. ఆ బూట్లకు 29 శాతం పడింది.

పత్రికలవాళ్లు మరీ గుచ్చిగుచ్చి అడిగితే, వాణిజ్య మంత్రి హోవర్డ్ లుట్నిక్ గారు టీవీలో వివరణ ఇచ్చారు. జాబితాలో ఒక్క చోటు వదిలేసినా, మిగతా దేశాలు దాని మీదుగా సరుకు దాటిస్తాయని సారాంశం. యాంకరమ్మ నవ్వు ఆపుకుంది. నేను లేచి కూర్చున్నాను. ఈయనకు పూర్వజన్మలో యానాం పొలిమేరలో డ్యూటీ పడి ఉండాలి!

యానాం సంగతి చూడండి. ముప్పై చదరపు కిలోమీటర్ల జాగా. ఒకప్పుడు చుట్టూ బ్రిటిష్ వారి మద్రాసు ప్రెసిడెన్సీ, మధ్యలో 1954 దాకా ఫ్రెంచి జెండా. మంగళవారం సంతకు చుట్టుపక్కల ఊళ్లన్నీ ఖాళీ అయ్యేవి. ఫారిన్ సరుకు, దొంగ సరుకు, బేరం కుదిరితే రెండూ ఒకే మూటలో. 1929లో బాల్యవివాహాలు కూడదని శారదా చట్టం తెస్తే, ఫ్రెంచి వారి నేల మీద అది చెల్లదు గనక పెళ్లివారు మేళంతో సహా యానాం వచ్చి మూడు ముళ్లూ వేయించుకుపోయారు. ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా వచ్చింది. సరుకే కాదు, చట్టం దాటాల్సిన పెళ్లికూతురు కూడా ఆ చిన్న చోటు మీదుగానే దాటిందన్నమాట. ఇవాళ జెండా మనదే. కానీ పన్నులు పుదుచ్చేరివి. అందుకే కోనసీమలో ఏ కారుకైనా పెట్రోలు సరిగ్గా ఎదుర్లంక వంతెన దగ్గరికొచ్చేసరికే అయిపోతుంది. బావగార్లకు యానాం చుట్టాల మీద ప్రేమ పుట్టేది శనివారం సాయంత్రాలే. తిరుగు ప్రయాణంలో డిక్కీ తెరవమంటే చాలు, ఎంతటి పెద్దమనిషైనా కానిస్టేబుల్ని "తమ్ముడూ" అనేస్తాడు.

కాబట్టి పెంగ్విన్లను అనుమానించడంలో అమెరికా తప్పు లేదు. కాకపోతే పాత బాకీ ఒకటి లెక్కలోకి రాలేదేమోనని నా సందేహం. 1853లో ఆ దీవిని చూసి తన పేరు పెట్టించుకున్న జాన్ హర్డ్ అమెరికా ఓడ కెప్టెనే. 1855 నుంచి అమెరికా వేటగాళ్లు అక్కడ దిగి, ఏనుగు సీళ్లను చంపి, కొవ్వు కాచి, లక్ష పీపాలకు పైగా నూనె పట్టుకుపోయారు. 1880 వచ్చేసరికి చంపడానికి సీళ్లు మిగల్లేదు, వీళ్లూ మిగల్లేదు. ఆ నూనెకు దీవికి ముట్టిన పైకం ఎంతో ఏ గడిలోనూ లేదు. వడ్డీతో కడితే వాణిజ్య లోటు ఎటువైపు తేలుతుందో ఆడిటర్లు చూసుకోవాలి.

ఇక సుంకాల సూత్రం. దాన్ని గ్రీకు అక్షరాలతో అచ్చువేశారు, చదివితే ఐఐటీ పేపర్లా ఉంటుంది. అందులో ఒక అక్షరం విలువ నాలుగు, ఇంకో అక్షరం విలువ పావు. రెండింటినీ గుణించమన్నారు. నాలుగు పావులు ఒకటి. అంటే రెండు అక్షరాలూ కలిసి చేసే పని ఏమీ లేదు, పక్కన నిలబడి ఫొటో దిగడమే. మిగిలింది ఇది: 2024లో మనతో వ్యాపారంలో అమెరికాకు లోటు 4,570 కోట్ల డాలర్లు, మన దగ్గర కొన్నది 8,740 కోట్ల డాలర్లు. భాగిస్తే 52. దయతలచి సగం చేస్తే 26. అలా మనకు 26 శాతం పడింది. లోటు ఉన్నా లేకపోయినా జాబితాలో ఎవరికీ పదికి తగ్గించలేదు గనక పెంగ్విన్లకు పది.

ఆ 26 మా భీమవరం, ఉండి, మొగల్తూరు రొయ్యల చెరువుల మీదికి ఎంత వేగంగా వచ్చిందంటే, ఇంటర్నెట్టు కూడా అంత వేగంగా రాదు. తెల్లారుజామున పట్టుబడి. వలలాగి వనామీ రకం రొయ్యను ట్రేలకెత్తి ఐసు కొడుతుంటారు. ఏజెంటు ఒక కిలో తూచి పట్టా మీద పోసి, జతలు జతలుగా లెక్కపెడతాడు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. అంకె చిన్నదైతే రొయ్య పెద్దది, రేటూ పెద్దది. ఆ వారం లెక్క సగంలో ఉండగానే ఫోన్ మోగేది.

"రేటు కట్టయిందండి. ట్రంపు గారు ఏదో ఏశారంటండి."

"ఇది వంద కౌంటు కదయ్యా? అమెరికా వాళ్లు తినేది పెద్ద రొయ్య. ఇది చైనా వైపు పోయేదేగా?"

"ఆయ్, నిజమేనండి. సెంటిమెంటండి."

ఓడ ఎక్కితే అమెరికా చేరడానికి నెల దాటుతుంది. ఆ ఓడ ఇంకా రేవులో తాడు విప్పలేదు. సుంకం అమల్లోకి రాలేదు. రైతు చేతిలో రేటు మాత్రం ముందే పడిపోయింది, రొయ్య చైనాకు పోయేదైనా సరే. ఆర్థిక శాస్త్రంలో దీనికేదో పేరుండే ఉంటుంది. గట్టు మీద పేరు సెంటిమెంటే.

వారం తిరిగేసరికి, ఏప్రిల్ 9న, అమెరికా మనసు మార్చుకుని అదనపు వడ్డనలన్నీ తొంభై రోజులు ఆపేసింది. చైనా మినహా అందరికీ పది. నూట నలభై కోట్ల జనాభా గల మనమూ, హర్డ్ దీవి పెంగ్విన్లూ అంతర్జాతీయ వాణిజ్యంలో సరిసమానులమైన ఆ చారిత్రక ఘట్టాన్ని ఎందుకో ఏ పార్టీ వాళ్లూ ఫ్లెక్సీ కట్టి జరుపుకోలేదు. చెరువు గట్టు మీద కూడా సంబరం లేదు. రేటు తగ్గేటప్పుడు వచ్చినంత చురుగ్గా పెరిగేటప్పుడు సెంటిమెంటు రాలేదు.

ఆ సమానత్వం కూడా ఎన్నాళ్లో నిలవలేదు. ఆగస్టు 7న మనకు 25, రష్యా నూనె కొంటున్నామని 27న ఇంకో 25. మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసిన పాత యాంటీ డంపింగ్ సుంకం, సర్కారు రాయితీకి విరుగుడుగా వేసిన కౌంటర్‌వైలింగ్ సుంకం కూడా చేరి మన రొయ్య మీద బరువు 58 శాతం దాకా వెళ్లింది. అప్పుడు మనతో పోటీపడే ఈక్వెడార్ రొయ్యకు పడిన కొత్త సుంకం 15. పెంగ్విన్లకు అదే పది. ఏ రాయబారీ లేకుండా, ఏ విందుకూ వెళ్లకుండా, ఎవరినీ కౌగిలించుకోకుండా సాధించిన పది అది. విదేశాంగ శాఖ వాళ్లు ఒక బృందాన్ని పంపి ఆ పక్షుల దగ్గర శిక్షణ ఇప్పిస్తే బాగుంటుంది.

లుట్నిక్ గారి అనుమానాన్ని గౌరవించి మనమే ఒక పని చేయొచ్చు. మన రొయ్యను హర్డ్ దీవి మీదుగా పంపుదాం. ఆలోచించేకొద్దీ లాభాలే కనిపిస్తున్నాయి. ఆ దీవిలో చాలా భాగం హిమానీనదమే, ఐసు ఫ్యాక్టరీ వాడి బిల్లు ఉండదు. కోల్డ్ స్టోరేజీకి కరెంటు అక్కర్లేదు, కాబట్టి కోతా లేదు. రేవు లేదన్నది నిజమే, ఓడ దూరంగా ఆపి చిన్న పడవల్లో దిగాలి. పంట్ల మీద ట్రాక్టర్లనే దాటించిన గోదావరి వాళ్లకు అదొక లెక్కా? ఆస్ట్రేలియా అనుమతి కావాలి. అడుగు పెట్టేముందు బూట్లకు మట్టి గానీ గింజ గానీ అంటి ఉండకూడదంటారు, పరాయి విత్తనం అక్కడ మొలవకూడదని. మావాళ్లు చెరువులోకి దిగేది ఉత్తికాళ్లతోనే గనక ఆ షరతు ఇట్టే గట్టెక్కుతుంది.

ఈ పథకం గురించి మా ఏజెంటు చెవిన వేస్తే ఆసక్తిగా విన్నాడు. ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడి, రేటు కూడా అప్పటికప్పుడే చెప్పేశాడు.

"ఆ దీవి సరుక్కి ఐసు తరుగు బాగా వచ్చేద్దండి. కిలోకి ఇరవై తక్కువేసుకోండి."