కార్తీక సోమవారం, మీల్ మేకర్ కూర

తక్కువ ఖర్చులో, పప్పులతో ఆకుకూరలతో బలమైన తిండి ఎలా వండాలో ఊరూరా తిరిగి నేర్పడం మా వదిన పని. నరసన్నపేట వైపు ఒక ఊరికి ఆవిడ ఏరికోరి కార్తీక మాసంలో ముహూర్తం పెట్టింది. నెలంతా నీసు ముట్టరు కాబట్టి, ‘ఎండుచేప లేకుండా ముద్ద ఎలా దిగుతుందమ్మా’ అని ఎవరూ అడగరని ఆవిడ లెక్క. గ్యాస్ స్టవ్ మోసే భాగ్యం నాది.

రామాలయం అరుగు మీద క్లాసు. చోడి అంబలి, అదే రాగి అంబలి దాకా అంతా సవ్యంగానే సాగింది. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని వదిన చెబితే, ముందు వరసలోని మామ్మ ‘మా అత్త కాలం నుంచీ తాగుతున్నాం, లెక్క ఇప్పుడు తేలిందేటి?’ అంది. మునగాకు వేపుడులో నిమ్మకాయ పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుందని, భోజనం అవగానే టీ తాగితే అదే అడ్డం పడుతుందని చెప్పేసరికి, టీ ఇస్తారని వచ్చిన ఇద్దరు మగాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

ఆఖరున మీల్ మేకర్ కూర. అల్లం వెల్లుల్లి, ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క దంచి వేసింది వదిన. పెద్దవాళ్ళంతా ఉపవాసం, చుక్కలు కనబడేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. రుచి చూసే పని పిల్లలకు పడింది. మామ్మ మనవడు ఒక ముక్క నమిలి ఊరంతా వినబడేలా అరిచాడు.

‘మామ్మా, వేటకూరే!’

అంతే. ‘ఓలమ్మో! సోమారం పూట, రాములోరి అరుగు మీద!’ అని మామ్మ లేచింది. ఆవిడతో పాటు అరుగూ లేచింది. ఇది నూనె తీసేసిన సోయా పిండితో చేసిందని, 100 గ్రాముల్లో సగానికి సగం ప్రొటీనేనని వదిన మొత్తుకుంటోంది. ‘మరి పీచు పీచుగా ఎందుకుంది?’ అని ఒకావిడ. ప్యాకెట్ చూపిద్దామంటే, అది కిరాణా కొట్లో విడిగా కట్టించిన పొట్లం. ఆ కాగితం ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. పూజారిగారు చెంబుడు నీళ్ళతో బయల్దేరారని కబురొచ్చింది.

ఇంతలో వీధి కుక్క వచ్చింది. ఎవరో తెలివైనవాళ్ళు దాని ముందు రెండు ముక్కలు పడేశారు. అందరం ఊపిరి బిగబట్టాం. అది వాసన చూసింది, మా వదిన ముఖం కేసి చూసింది, తోక ముడుచుకుని పోయింది.

‘చూశారా! మాంసమైతే వదులుతుందా?’ అంది వదిన, కేసు గెలిచిన ఉత్సాహంతో.

‘మాంసం కాదులే’ అని మామ్మ ఒప్పుకుంది. ‘అయినా కుక్క ముట్టని కూర మా గుంటలకెలా పెడతావమ్మా?’

పిల్లలు అంబలి గిన్నె ఖాళీ చేశారు. కూర గిన్నె నా ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కబోతుంటే, చుక్కలు చూసి ఉపవాసం విడిచిన మామ్మ కర్ర ఊపుకుంటూ వచ్చింది.

‘అమ్మా, ఆ మసాలాలో ఏటేటి దంచావో ఒకసారి సెప్పు. కార్తీకం ఎల్లాక వేటకూరలో ఏసుకుంటాం.’