డిప్పర్ కొట్టిన పాపం

స్కాట్లాండ్‌లో కారు అద్దెకు తీసుకున్న బెజవాడ వాళ్లని ముంచేది ఒకటే. అక్కడా స్టీరింగు కుడివైపే, బండి ఎడమవైపే. అదే అమెరికాలో అయితే మొదటి రెండు రోజులూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతారు. ఇక్కడ ఎయిర్‌పోర్టు దాటగానే "ఓస్, మన బందరు రోడ్డే, ఆటోలు లేవంతే" అనిపిస్తుంది. ఇన్వర్నెస్‌లో మొదలై సముద్రం పక్కగా ఉత్తరాన్నంతా చుట్టి వచ్చే 516 మైళ్ల నార్త్ కోస్ట్ 500 దారి పట్టి, పడమటి తీరం చేరేదాకా ఆ ధీమాకి ఢోకా ఉండదు. అక్కడ రోడ్డు ఒక్క కారు పట్టేంతే మిగులుతుంది. ఎదురుబండ్లు మాత్రం రావడం మానవు.

అందుకని అక్కడక్కడా రోడ్డుని ఒక పక్కకి కాస్త వెడల్పు చేసి, 'పాసింగ్ ప్లేస్' అని తెల్ల పలక పాతారు. ఎదురుగా బండి కనిపించినప్పుడు ఆ చోటు మీకు ఎడమవైపు ఉంటే అందులోకి వెళ్లి ఆగాలి. కుడివైపు ఉంటే వెళ్లకూడదు. దానికెదురుగా మీ అంచునే ఆగితే, ఎదుటివాడే అందులోంచి చుట్టి వెళ్తాడు. వెనక తొందరపడేవాడికీ ఇలాగే దారివ్వాలి. ఎత్తెక్కే బండికి దిగే బండి వీలైనంతవరకు ఆగాలి. లోయ బాగుందని ఆ చోట బండి పెట్టి పులిహోర డబ్బా విప్పకూడదు. కంకిపాడు కాలవగట్టు మీద గడ్డి ట్రాక్టరుకి తప్పుకున్న చేతులకి ఇదేం పెద్ద విద్య కాదు.

బెడిసేది లైట్ల దగ్గర. మన దగ్గర దూరం నుంచి రెండుసార్లు డిప్పర్ కొడితే "వస్తున్నా, ఆగు" అని. బెంజ్ సర్కిల్లో అది పసిపిల్లలకీ తెలుసు. బ్రిటన్ హైవే కోడ్ ప్రకారం లైటు కొట్టడమంటే నేనిక్కడున్నానని తెలపడం, అంతవరకే. జనం వాడుకలో మాత్రం "మీరు రండి, నేనాగుతా" అని. ఇప్పుడు చూడండి. అత్తగారినీ బావమరిదినీ ఎక్కించుకుని దిగువకి దిగుతూ మన బెజవాడ బావగారు రెండుసార్లు కొట్టారు. ఎదురుగా ఎక్కుతున్న గొర్రెల రైతు, ఎంత మర్యాదస్తుడో అనుకుని, స్టీరింగు మీంచి చెయ్యెత్తి, వేగం పెంచాడు.

"అల్లుడుగారూ, ఆయనెవరో నమస్కారం పెడుతున్నాడు, మీరూ పెట్టండి" అన్నారు వెనకసీటు నుంచి అత్తగారు.

రెండు బండ్లూ ముక్కూ ముక్కూ ఆనించినంత దగ్గరగా ఆగాయి. రైతు వెనక రెండు క్యాంపర్ వ్యాన్లు. బావగారి వెనక గాలి. కాబట్టి వెనక్కి పోవాల్సింది ఈయనే. బెజవాడలో ఎవరూ ఒంటరిగా రివర్సు చేయరు. వెనక ఒకడు డిక్కీ మీద కొడుతూ "రానీ, రానీ" అనాల్సిందే. బావమరిది దిగాడు.

"రానీ బావా... కొద్దిగా ఎడం... ఇంకొద్దిగా..."

ఆ ఇంకొద్దిగాలో ఎడమ చక్రాలు గడ్డిలోకి దిగబడ్డాయి. స్కాట్లాండ్ ఉత్తరపు కొండసీమ హైలాండ్స్‌లో చాలాచోట్ల రోడ్డంచు గడ్డి కింద ఉండేది పీట్. గడ్డీగాదం వేల ఏళ్లుగా సగం కుళ్లి పేరుకున్న నేల, నీళ్లు పీల్చుకుని ఉంటుంది. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. బావగారు ఊరి అలవాటు కొద్దీ యాక్సిలరేటరు అదిమి తొక్కారు. చక్రం గిర్రున తిరిగి ఇంకో జానెడు గొయ్యి తవ్వుకుంది.

అలాంటప్పుడు చేయాల్సిన పని: అందరూ దిగాలి. స్టీరింగు తిన్నగా పెట్టాలి. అద్దెకిచ్చే చిన్న కార్లలో చాలావాటిని లాగేవి ముందు చక్రాలు, కాబట్టి వాటికింద కారులో కాళ్లకింద పరిచే మ్యాట్లు తిరగేసి వేసి, రెండో గేరులో మెల్లగా కదిలించాలి. లేదా తాడు. తాడు రైతు దగ్గర ఉంది. తగిలించే కొక్కెం కారు బయట కనపడదు. డిక్కీ అడుగున పనిముట్లలో ఉంటుంది, బంపరు మీద చిన్న మూత తీసి అక్కడ బిగించాలి. కొన్ని కార్లలో మర ఎడమకి తిప్పితేనే పడుతుంది. డిక్కీ అడుగుకి చేరాలంటే ముందు నాలుగు సూట్‌కేసులు, కుక్కరు, సోనా మసూరి సంచీ రోడ్డు మీదికి రావాలి. వచ్చాయి. క్యాంపర్ వ్యాన్ల వాళ్లు కూడా ఓ చెయ్యేశారు.

గట్టెక్కాక బావగారికి ఒక సిద్ధాంతం ఏర్పడింది: ఈ దేశంలో అన్నీ మనకి తలకిందులు. అది పెట్రోలు బంకు దాకా పనికొచ్చింది. బంకులో మూత తెరిచి, "జీరో చూసుకోండి సార్" అనేవాడి కోసం చాలాసేపు కూర్చున్నారు. ఎవరూ రారు. మనమే పోసుకుని, లోపలికెళ్లి డబ్బు కట్టాలి. పచ్చ పిడి పెట్రోలు, నల్ల పిడి డీజిలు. కారు డీజిలుది. సిద్ధాంతం ప్రకారం ఆయన పచ్చది పట్టారు. డీజిలు గొట్టం లావు గనక పెట్రోలు కారులో సాధారణంగా దూరదు. పెట్రోలు గొట్టం మాత్రం డీజిలు ట్యాంకులోకి హాయిగా దూరుతుంది.

బావమరిది రసీదు చదివి అరిచాడు: "బావా, తాళం తిప్పకు!"

ఆ అరుపే కాపాడింది. డీజిలు ఇంజన్లో ఇంధనం పంపుకి కందెన కూడా డీజిలే. పెట్రోలు వెళ్తే లోపల ఇనుము ఇనుము రాసుకుని, రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. స్టార్ట్ చేయకుండా పక్కకి నెట్టి, ట్యాంకు తోడిస్తే సరిపోతుంది. అద్దె ఒప్పందపు బీమాలు మామూలుగా ఈ ఖర్చు భరించవు.

తోడేవాడు వచ్చి పని మొదలుపెట్టాక బావగారు బావమరిదిని పక్కకి పిలిచారు.

"ఆ తీసిన పెట్రోలు మనదే కదరా, క్యాన్లో పోసిమ్మని అడుగు."