‘వెధవ’ అంటే అసలు ఎవరు?

వెధవ ట్రాఫిక్, వెధవ కరెంటు, వెధవ ఉద్యోగం. పొద్దున లేచింది మొదలు ఈ మాట మన నోట్లో ఎన్నిసార్లు నలుగుతుందో లెక్కలేదు. పరీక్ష తప్పిన కుర్రాణ్ణి ‘పనికిమాలిన వెధవ’ అంటాం, ముద్దొస్తే మనవణ్ణి కూడా ‘వెధవాయ్, ఇటు రారా’ అని పిలుస్తాం.

ఆ మాటకు అసలు అర్థం మొగుడు పోయిన ఆడది. దిశ దెస అయినట్టే సంస్కృత విధవ తెలుగులో వెధవ అయింది. ‘ధవుడు అంటే భర్త, అతను లేనిది విధవ’ అని బడిలో చెబుతారు గానీ భాషాశాస్త్రం లెక్క వేరు: మన విధవ, లాటిన్ విదువా, ఇంగ్లీషు విడో ఒకే పాత మాట నుంచి పుట్టాయి, ధవుడు అన్నది తర్వాత విధవలోంచి విడదీసుకున్న పదం. ఒక మనిషికి జరిగిన నష్టాన్ని చెప్పే మాట ఇది, అంతే.

తిట్టు మనం చేర్చాం. బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, జుట్టు తీయించి, ఎదురొస్తే అపశకునమని ఆమెను మూల కూర్చోబెట్టాం. ఆ తర్వాత ఒక మగవాణ్ణి బాగా కించపరచాలనుకున్నప్పుడు ఆమె పేరే వాడికి పెట్టాం. ‘ముండ’ కథా అంతే, అది గుండు చేయించిన తలను చూపించే మాట. భార్య పోయినవాడికీ విధురుడని ఒక పేరుంది, దాన్ని ఎవరైనా తిట్టుగా వాడగా విన్నారా? నేనైతే వినలేదు. వాడు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఎవరూ అడ్డుపడలేదు మరి.

ఆమెకు ఆ హక్కునిస్తూ చట్టం 1856లోనే వచ్చింది, అయినా కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించేసరికి 1881 డిసెంబరు 11 అయింది. ఆ పెళ్లికూతురు గౌరమ్మ అప్పటికింకా చిన్నపిల్ల. ఈ పేరు మోసినవాళ్లలో ఓణీ వేసే వయసు కూడా రాని పిల్లలున్నారంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆ అర్థం ఇప్పుడెవరికి గుర్తుంటుంది, వదిలెయ్యండి అంటారు కొందరు. మా నాయనమ్మకు గుర్తుండేది. ముప్పై ఏళ్లకే తాతయ్య పోయాడు. ఇంట్లో ఎవరు ఎవర్ని వెధవ అన్నా చాటలో బియ్యం ఏరుతున్న ఆమె వేళ్లు ఒక్క క్షణం అక్కడే ఆగిపోయేవి, తల ఎత్తకుండా మళ్లీ రాళ్లు ఏరుకునేది. ఎందుకు ఆగేవో నాకు తెలిసేసరికి ఆమె లేదు. మా పిల్లల్ని ముద్దుకైనా నేను ఆ మాట అనను.