బావగారి స్లాష్ టెంప్

మా బావగారికి రెండు గట్టి నమ్మకాలు. ల్యాప్‌టాప్‌ని షట్‌డౌన్ చేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుందనేది మొదటిది. ఏ ఫైలైనా ముందు స్లాష్ టెంప్‌లో, అంటే తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్‌లో పడేస్తే తర్వాత తీరిగ్గా సర్దుకోవచ్చనేది రెండోది. ఆయన వాడే డెబియన్ అనే లినక్స్‌లో బూట్ అయినప్పుడల్లా స్లాష్ టెంప్ ఖాళీ అవుతుంది. ఆయన బూటే చేయరు కాబట్టి ఇంటి లోన్ కాగితాల దగ్గర్నుంచి గృహప్రవేశం వీడియో క్లిప్పుల దాకా అన్నీ అక్కడే క్షేమంగా ఉండేవి.

ఆ మధ్య హుషారొచ్చి డెబియన్ 13కి అప్‌గ్రేడ్ చేశారు. అప్‌గ్రేడ్ అన్నాక రీబూట్ తప్పదు కదా! కాసేపటికి నాకు ఫోన్.

"ఏమోయ్, టెంప్ ఊడ్చిపెట్టినట్టుంది. దొంగలు పడ్డారా ఏంటి?"

వెనక నుంచి అక్క గొంతు: "గృహప్రవేశం వీడియో పోతే ఈయన్ని కూడా టెంప్‌లోనే పడేస్తానని చెప్పరా!"

వెళ్లి చూశాను. 2025లో వచ్చిన ఈ డెబియన్ నుంచి స్లాష్ టెంప్ డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లో ఉంటుంది. సోలారిస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎప్పటి నుంచో ఇంతే, ఫెడోరా అనే ఇంకో లినక్స్ వాళ్లూ 2013లోనే మార్చేశారు. బావగారి ఫైళ్లు డిస్క్ మీదే ఉన్నాయి. కాకపోతే పాత చాప మీద తివాచీ పరిచినట్టు, వాటి మీద కొత్త టెంప్ మౌంట్ అయి కూర్చుంది. రూట్‌ని, అంటే అన్నిటికీ పైనుండే ఫోల్డర్‌ని, ఇంకోచోట కూడా కనిపించేలా బైండ్ మౌంట్ చేసేసరికి అడుగున క్లిప్పులన్నీ కనిపించాయి. అక్క కాఫీ ఇచ్చింది. నాకు మాత్రమే.

ఎక్కడ ఎంత చోటుందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొట్టి బావగారికి చూపించాను. "ఇదిగో, టెంప్ఎఫ్‌ఎస్ అని ఉన్నవన్నీ ర్యామే బావా. ఇది స్లాష్ టెంప్, ఇది స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌హెచ్‌ఎం. మీ ర్యామ్ 8 జీబీ, మామూలుగా అందులో సగం వరకే ఇస్తుంది. కరెంటు పోయి బ్యాటరీ కూడా చేతులెత్తేస్తే అన్నీ గోవిందా." ఆయన బ్యాటరీ చేతులెత్తేసి చాలా కాలమైంది. అన్నిటికీ తలూపారు. బావగారు తలూపారంటే వినలేదని అర్థం.

నేను గుమ్మం దాటగానే ఆ క్లిప్పులన్నీ మళ్లీ స్లాష్ టెంప్‌లోకే కాపీ చేసుకుని, ఎడిట్ చేసిన వీడియో కూడా అక్కడికే వచ్చేలా పెట్టి రెండర్ కొట్టారు. సగంలో ఆగిపోయి 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అంది. చోటు కోసం హోమ్ ఫోల్డర్‌లో ఎన్నాళ్లుగానో దాచుకున్న పాత సినిమాలన్నీ ఒక్కొక్కటే డిలీట్ చేశారట. డిస్క్‌లో వందల జీబీలు ఖాళీ అయ్యాయి. ర్యామ్‌కి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు.

అప్పుడు నెట్‌లో చూసి టెంప్‌ని రీమౌంట్ చేసి సైజ్ 12 జీబీ అని ఇచ్చారు. 8 జీబీ ర్యామ్ ఉన్న మనిషి 12 అడిగితే కాదనదు, అదే దాంతో చిక్కు. ఒప్పుకుంటుంది, నిండుతున్న కొద్దీ స్వాప్‌లోకి, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే నెమ్మది డిస్క్ చోట్లోకి తోస్తుంది. మౌస్ బాణం తెర ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చేలోపు అక్క పప్పు కుక్కర్ దించేసిందట. విసుగొచ్చి బావగారు పవర్ బటన్ నొక్కి పట్టుకున్నారు.

ఎడిట్ చేసిందంతా పోయింది. ప్రాజెక్ట్ ఫైల్ కూడా అందులోనే ఉంది మరి. అసలు క్లిప్పులు మాత్రం ఆ అడుగునే ఉన్నాయి కాబట్టి సంసారం నిలబడింది.

నిన్న మళ్లీ ఫోన్ చేశారు. గొంతులో మాంచి ధీమా.

"ఇక టెంప్ జోలికి పోనోయ్, ఒట్టు. ఎవరూ ముట్టుకోని చోటు ఒకటి దొరికింది. వీడియో మొత్తం మళ్లీ ఎడిట్ చేసి అక్కడే పెట్టా. కాపీ కూడా ఎంత స్పీడుగా అయిందో తెలుసా?"

"ఎక్కడ బావా?"

"స్లాష్ డెవ్‌లో... ఎస్‌హెచ్‌ఎం అని ఒకటుందిలే. ఉండు, ఇక్కడ కరెంటు పోయినట్టుంది, మళ్లీ చేస్తా."